జున్ను రాని నెల

దేవరకొండ నుంచి డిండి వైపు పోయే దారిలో తాటిగుట్ట అని ఒక చిన్న పల్లె. చుట్టూ అరడజను గూడేలు, ఆముదం చేలు, జొన్న చేలు. ఆ పల్లెలో వజీరాబీ చేసే పని ఆబోతును సాకడం. చుట్టుపక్కల ఎవరి ఆవు ఎదకు వచ్చినా ఆమె వాకిట్లోకే తోలుకొచ్చేవారు.

నిజానికి అది ఆమె భర్త మక్సూద్ పని. 1986లో ఆయన జ్వరంతో పోయాడు. నలభై దినాలు గడిచాక బంధువులు కూర్చుని, కట్టుకొయ్యకు ఉన్న ఆబోతును ఏం చేయాలో మాట్లాడుకున్నారు. అమ్మేయమని అందరిదీ ఒకే మాట. వంటింట్లో నుంచి వజీరాబీ, అమ్మేది లేదని, ఆ పని తనే చూసుకుంటానని చెప్పింది. పరాయి మగవాళ్ల ఎదుట పడని ఆడది ఇలాంటి పని ఎట్లా చేస్తుందని మరిది అడిగాడట.

"దీనికి కండ్లెందుకు? చెవులు చాల్తయి," అన్నదట వజీరాబీ.

ఈ సంగతులన్నీ ఆమె నోటే విన్నాను. విన్న ప్రతిసారీ కొంచెం మారేవి. మరిది ఒకసారి నోరు మూసుకున్నాడు, ఇంకోసారి అలిగి అన్నం తినకుండా పోయాడు. చెవుల మాట మాత్రం ఎప్పుడూ మారలేదు.

ఇంటి గుమ్మానికీ వాకిలికీ మధ్య నాలుగు గోనెసంచులు కలిపి కుట్టి తెర కట్టింది. తెరకు అవతల నాలుగు గుంజల కొయ్య చట్రం, ఆవును నిలబెట్టడానికి. పగ్గం పట్టడానికి కురుమయ్య ఉండేవాడు, అరవై దాటిన గొర్రెల కాపరి, గొర్రెలు కొడుకులకు అప్పజెప్పి వచ్చినవాడు. తెరకు ఇవతల పీట మీద వజీరాబీ, ఒళ్లో చాట, చాటలో బియ్యం. బియ్యంలో రాళ్లు ఏరుతూనే మొత్తం వ్యవహారం నడిపేది. ఆవు అరుపు విని, అది ఇంకా పూర్తిగా ఎదకు రాలేదని తెలుసుకునేది. తోలుకొచ్చిన రైతును రేపు పొద్దున రమ్మని తిప్పి పంపేది. ఆవును కళ్లారా చూడకుండా ఇంత ఖాయంగా చెప్తుంటే రైతులకు మొదట్లో భయం వేసేదట. తర్వాత అలవాటైంది.

అన్ని ఏళ్లలో ఆమె నోట ఒక్క మోటు మాట రాలేదు. "పనైందా కురుమన్నా?" అని అడిగేది. "ఐంది చెల్లె," అనేవాడు కురుమయ్య. అంతే. వీర్యానికి ఆమె పెట్టిన పేరు 'సరుకు'. ఎద, ఆబోతు దాటడం, చూడి కట్టడం, ఈ మూడింటికీ కలిపి ఒకే మాట, 'గదే'. ఏ గదే అన్నది వినేవాళ్లు తెలుసుకోవాలి.

ఆబోతు మంచిదో కాదో లెక్క కట్టే పద్ధతి ఒకటి మక్సూద్ కాలం నుంచీ ఉంది. ఆవు ఈనితే, ఆ రైతు మూడో రోజు లోపల ఒక చెంబు జున్నుపాలు తెచ్చి ఆబోతు ఇంట్లో ఇవ్వాలి. చెంబు ఎంత చిన్నదైనా పర్వాలేదు. ఈనిన కబురు ఆ చెంబుతోనే రావాలి. వట్టి చేతులతో ఆ మాట చెప్పడం దూడకు మంచిది కాదని అందరి నమ్మకం. సాకేవాళ్లు కూడా నోరు తెరిచి అడగకూడదు. చెంబు వచ్చిన ప్రతిసారీ వజీరాబీ వంటింటి గోడ మీద వేలితో ఒక సున్నపు బొట్టు పెట్టేది. పాత ఆబోతు కాలంలో ఆ గోడ పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా తెల్లబడింది.

ఆ పాత ఆబోతు 1995 మొదట్లో ముసలిదై చచ్చిపోయింది. వజీరాబీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత తమ్ముడిని అంగడికి పంపి కొత్త కోడెను తెప్పించింది. ఎర్ర రంగు, నిండు మోపురం, నిక్కబొడుచుకున్న చెవులు. చూడటానికి ఎంత దర్జాగా ఉండేదో, పనిలోకి దిగడానికి అంత ఆలస్యం. ఆవును కట్టాక గంటసేపు దూరంగా నిలబడి, ఏదో కాగితం చదువుతున్నట్టు తల ఊపేది. దానికి కురుమయ్య తాసిల్దారు అని పేరు పెట్టాడు. పేరు అలాగే ఉండిపోయింది.

ఉగాది తర్వాత నుంచి తాసిల్దారు దగ్గరికి ఆవులు వచ్చాయి. మొదటి నెలలోనే పద్నాలుగు. ఒకసారి వచ్చిన ఆవు ఇరవై ఒకటో రోజున మళ్లీ రాకపోతే చూడి కట్టినట్టు అనుకోవాలి. ఆ పద్నాలుగింటిలో రెండే మళ్లీ వచ్చాయి. పాత రోజులైతే వజీరాబీ సంతోషించేది. కాని అప్పటికి పశువుల దవాఖానలో సూదులు వేయడం బాగా జోరందుకుంది. గడ్డకట్టించిన సరుకును సన్నటి గొట్టాల్లో పెట్టి తెచ్చి, ఆబోతు లేకుండానే పని కానిస్తున్నారు. మళ్లీ రాని ఆవు చూడి కట్టిందా, సూదికి పోయిందా అన్నది తెర వెనక కూర్చున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? చెంబులు వస్తేనే తెలుస్తుంది. ఆ చెంబులు 1996 జనవరి చివరి నుంచి రావాలి.

జనవరి చివర్లోనే రంజాన్ నెల మొదలైంది. వజీరాబీ రోజాలు పట్టింది. పొద్దంతా మంచినీళ్లయినా ముట్టకుండా, తెర వెనక కూర్చుని వాకిలి వైపు చెవి పెట్టేది. ఒక వారం గడిచింది. ఒక్క చెంబూ రాలేదు. కురుమయ్యను అడిగితే తనకేమీ తెలియదన్నాడు. గూడేల వైపు పోయి రమ్మందామంటే, అడగకూడదన్న పద్ధతి అడ్డం.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది.

జీపులో నుంచి దిగిన ఆమె పేరు సావిత్రి. యాదగిరిగుట్టలో యాత్రికులకు సత్రం నడిపే ఇంటి పిల్ల. పశువైద్యం చదివి, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. ఊళ్లో వాళ్లు వెంటనే సావిత్రమ్మను చేసేశారు. ఆమె చేతిలో ఐసు డబ్బా, సూక్ష్మదర్శిని, ఒక పొడుగాటి కాగితం. కాగితంలో రెండు గడులు. ఒక దాంట్లో దూడలు బాగా పుట్టించే ఆబోతులు, రెండో దాంట్లో పుట్టించనివి. రెండు రకాల వాటి రక్తం, వీర్యం తీసుకుపోయి, అందులో ఉండే సన్నసన్నటి ప్రొటీన్లలో ఏది ఒక రకంలో ఎక్కువో, ఏది రెండో రకంలో తక్కువో పట్టుకోవాలని ఆమె ప్రయత్నం. అది దొరికితే కోడె ప్రాయానికి రాగానే ఒక చుక్క చూసి చెప్పేయొచ్చు. ఏడాది ఆగి దూడల కోసం ఎదురుచూసే పని ఉండదు.

వచ్చింది ఆడమనిషి కాబట్టి వజీరాబీ ఆమెను తెర లోపలికి పిలిచింది. పదేళ్లలో తన పని గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన మొదటి మనిషి ఆమే. సావిత్రి ఏ మాటకూ ముసుగు వేయదు. వీర్యం, వృషణం, ఎద అని పాఠం చెప్పినట్టు చెప్పుకుపోతుంటే, వజీరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి విన్నదట. విన్నది మాత్రం ఒక్క ముక్క వదల్లేదు.

కురుమయ్య, జీపు డ్రైవరు కలిసి పట్టుకుంటే సావిత్రి సరుకు తీసింది. తాసిల్దారు యథాప్రకారం గంటసేపు ఆలోచించాడు. సావిత్రి తెర లోపలికి వచ్చి ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, తను చూసి, తలెత్తింది. ఎంత బాగున్నాయో వచ్చి చూడమంది.

"నేను రోజాల ఉన్న బిడ్డా. గసొంటిది సూడొచ్చో లేదో," అన్నది వజీరాబీ.

అన్నదే కాని అప్పటికే లేచి వచ్చింది. ఒక కన్ను మూసి, ఒక కన్ను ఆనించింది. సన్నటి తోకలు ఆడించుకుంటూ వేలకు వేలు చేపపిల్లల్లాగా ఈదుతున్నాయి. "తౌబా, తౌబా," అంటూ చెంపలు వేసుకుంది. కన్ను మాత్రం తీయలేదు. చివరికి సావిత్రే పక్కకు జరపాల్సి వచ్చిందట.

"మరి గిన్ని ఉంటే మంచిదే గదా?" అని అడిగింది.

ఈదడం వస్తే చాలదని సావిత్రి చెప్పింది. గుడ్డు దాకా చేరాలి, చేరాక దాన్ని అంటుకోవాలి, లోపలికి పోవాలి. కొన్ని ఆబోతుల్లో అన్నీ బ్రహ్మాండంగా ఈదుతాయి, ఒక్క దూడా పుట్టదు. ఎందుకో కంటికి కనపడదు. వాటి పైపూతలో ఉండాల్సిన ఏదో ప్రొటీను లేకపోవడమే కారణమని ఆమె అనుమానం. తర్వాత కాగితం తీసి, కలం చేతపట్టుకుని, దీనికి ఇప్పటిదాకా ఎన్ని దూడలు పుట్టాయని అడిగింది.

వజీరాబీ అబద్ధం చెప్పొచ్చు. రోజాలో ఉండి చెప్పలేకపోయింది. రోజా లేకున్నా చెప్పి ఉండేది కాదని నా నమ్మకం.

"ఒక్కటి గూడ లే బిడ్డా," అన్నది.

సావిత్రి ముఖం వెలిగిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు. బాగా ఈదే సరుకు ఉండి దూడలు లేని ఆబోతు కోసం ఆమె ఏడు నెలలుగా జీపులో తిరుగుతోంది. అలాంటివి మూడే దొరికాయి, ఇది నాలుగోది, అన్నింటిలోకీ ఇదే బాగుంది. సంతోషం ఆపుకోలేక వజీరాబీ రెండు చేతులూ పట్టుకుంది. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఒకరు నవ్వుతూ, ఒకరు ఏడుస్తూ కొంచెంసేపు అట్లా ఉండిపోయారు. తాసిల్దారు పేరు రెండో గడిలోకి ఎక్కింది. జీపు వెళ్లిపోయింది.

వజీరాబీకి ఆ రోజు నుంచి నిద్ర లేదు. పదేళ్లు సంపాదించుకున్న పేరు ఆమెది. తాటిగుట్ట ఆబోతు అంటే నమ్మకం. పద్నాలుగు మంది రైతులు ఆవులను నమ్మి తోలుకొస్తే, వాటికి ఒక ఈత దండగ చేయించింది తనే. వాళ్ల కొంపల్లో పాడి లేకుండా చేసింది తనే. అది చాలనట్టు కురుమయ్య ఒక కబురు తెచ్చాడు. ఆ పద్నాలుగు మందిలో ఒకడు, లింగయ్య గూడెం లింగయ్య, సంత దారిలో ఎదురుపడి, కురుమయ్యను చూడగానే తల వంచుకుని చేలోకి దిగిపోయాడట. ఇంకేముంది? ముఖం మీద అడగలేక తప్పించుకుపోయాడని వజీరాబీ తేల్చేసింది. మంచి మనిషి కాబట్టి తిట్టలేదు, అంతే.

పనికిరాని ఆబోతును వాకిట్లో పెట్టుకుని ఇంకొకరి ఆవును రానివ్వడం మోసం. తాసిల్దారుకు విత్తులు నొక్కించి, నాగలి ఎద్దుగా ఎవరికైనా ఇచ్చేయాలని నిర్ణయించుకుంది. ఆ తర్వాత మళ్లీ ఆబోతును తేదు. తెర విప్పి గోనెసంచులు గోనెసంచుల్లాగే వాడుకుంటుంది. రంజాన్ పండుగ ఇంకో ఎనిమిది రోజులుందనగా పశువుల దవాఖాన నుంచి కాంపౌండర్ ఆ పనికే ఊరికి వస్తున్నాడని దండోరా వేశారు. ఇష్టమున్నవాళ్లు కోడెలను తోలుకురావచ్చు. తోలుకుపోవడం ఎందుకని, చట్రం ఉన్న వాకిలి కాబట్టి తన వాకిట్లోనే ఆ పని పెట్టుకోమని వజీరాబీ కబురు చేసింది. మొదట తన కోడెకే చేయమంది. ఆలస్యమైతే తన మనసు మారుతుందని ఆమె భయం.

ఆ రోజు పొద్దున పది గంటలకు కాంపౌండర్ సంచిలో నుంచి పెద్ద పటకారు బయటికి తీశాడు. కురుమయ్య తాసిల్దారును చట్రంలో కట్టాడు. తెర వెనక వజీరాబీ ఒళ్లో చాట ఉంది, చాటలో బియ్యం ఉన్నాయి, చేయి మాత్రం ఆడటం లేదు. పనికి ముందు ఇంటివాళ్ల మాట తీసుకోవాలి కాబట్టి, కానివ్వనా అమ్మా అని కాంపౌండర్ తెర వైపు తిరిగి అడిగాడు. ఆయన మళ్లీ అడిగాడు.

అప్పుడే లింగయ్య తన గిత్తను తోలుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. చట్రంలో ఉన్నదాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏందే కురుమన్నా, దీన్నెందుకు కట్టినవ్?"

దూడ పుట్టించని దాన్ని సాకి ఏం లాభమని కురుమయ్య అన్నాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మా ఇంట్ల ఇప్పుడు గంతులేస్తున్నది ఎవని దూడ మరి?"

కాంపౌండర్ పటకారును వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తెర వెనక నుంచి వజీరాబీ గొంతు వచ్చింది. చాలా మెల్లగా వచ్చింది.

"లింగన్నా. మీ ఆవు ఈనిందా?"

"పదిహేను దినాలాయె బీ. పెయ్యదూడ. అచ్చం దీని లెక్కనే ఉన్నది, ఎర్రగ."

"మరి జున్ను?"

లింగయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. తప్పు చేసి దొరికినవాడిలాగా నేల చూశాడు.

"నువ్వు రోజాల ఉంటివి గదా బీ. పొద్దంత నోట్ల నీళ్లు బోసుకోని మనిషి ముంగట జున్ను చెంబు ఎట్ల పెడ్తం? పాపం గాదా? దీపం ముట్టిచ్చినంక పాలు గడప దాటియ్యరాదాయె. గూడెపోల్లమంత కూసొని అనుకున్నం, జున్ను కాలం దాటినా పాల చెంబన్న పట్కోని పండుగ ఎల్లినంక పోదామని. చెంబు లేకుంట కబురు జెప్పొద్దాయె. మొన్న కురుమన్న ఎదురొస్తే నోరు జారుతదని చేనుల దిగిన."

"అందరు అనుకున్నరా?"

"అందరం. మొత్తం పదకొండు ఈనినయి. పోచయ్యది ఇయ్యాల్నో రేపో."

తెర వెనక బియ్యం నేల మీద పడ్డ చప్పుడైంది. ఆ తర్వాత వజీరాబీ అన్న మాటను ఆ చుట్టుపక్కల గూడేల్లో చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

"రోజా నాది లింగన్నా. ఎద్దుది గాదు గదా! జర ఎద్దు ఇజ్జత్ అన్న సూడొద్దా మీరు?"

ముందు కురుమయ్య నవ్వాడు, తర్వాత కాంపౌండర్. తాసిల్దారు కట్లు విప్పారు. కాంపౌండర్ లింగయ్య గిత్త పని చూసి, చాయ్ తాగి పోయాడు. మిగతా రోజు వజీరాబీ నమాజులో కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తనకే తెలియదంది. నేను నమ్మాను.

ఇక్కడితో ఆమెకు సంతోషమే మిగలాలి. కాని తెల్లారేసరికి ఇంకో దిగులు పట్టుకుంది. హైదరాబాదులో ఒక పిల్ల కాగితం మీద తన ఆబోతు రెండో గడిలో ఉంది. తన మాట నమ్మి రాసుకుంది. ఆ లెక్క మీద ఏ ప్రొటీను మీద ఏ నింద వేస్తుందో. పోస్టాఫీసు పని కూడా చూసే బడిపంతులును పిలిపించి, తెర వెనక నుంచే కార్డు రాయించింది. పంతులు మగవాడు కాబట్టి సంగతి విడమరిచి చెప్పలేకపోయింది. కార్డులో ఉన్నది ఇంతే: "గదే అయింది. పదకొండు. వెంటనే రావలెను."

పండుగ వెళ్లిన నాలుగో రోజు సావిత్రి వచ్చింది. కార్డులో పదకొండంటే పదకొండో దినం అనుకుని, ఎవరో పోయారని భయపడి వచ్చిందట. అసలు సంగతి విన్నాక ముఖం వాడిపోయింది. ఆమె దగ్గర ఉన్నవాటిలోకి మేలైన ఉదాహరణ తాసిల్దారే. దాని సరుకులో ఒక ప్రొటీను తక్కువగా కనిపించిందని అప్పటికే సంస్థలోని పెద్దసారుకు చూపించింది కూడా. ఆయన మెచ్చుకున్నాడు. ఇప్పుడు అదే ఆబోతుకు, పోచయ్య ఆవుది కూడా కలిపి, పన్నెండు దూడలు.

వజీరాబీ ఆమెకు షీర్ ఖుర్మా పెట్టింది. పక్కన కూర్చుని, చాలనేదాకా వడ్డించింది. తర్వాత చెప్పింది.

"నీ పని ఖరాబైనందుకు నాకు బాధనే ఉన్నది బిడ్డా. అట్లని నా ఎద్దు మంచిదైనందుకు మాఫీ మాత్రం అడగను."

సావిత్రి ఏడవబోయి నవ్వింది. కాగితం తీసి తాసిల్దారు పేరును రెండో గడిలో కొట్టేసి మొదటి గడిలో రాసింది. రాసి, కాగితాన్ని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. బాగా ఈదేవీ ఈదనివీ కలిపి రెండో గడిలో ఇంకా ఎనిమిది పేర్లున్నాయి. అవన్నీ ఎవరో ఒక సాకేవాడు చెప్పిన మాట మీద రాసినవే. వాళ్లలో ఎవరి వాకిట్లోకి ఏ చెంబు ఏ కారణంతో రాలేదో ఆమెకేం తెలుసు? వజీరాబీకి మాత్రం ఆ ఎనిమిది ఆబోతుల మీద దిగులు మొదలైంది. వాటిలో ఏదైనా ఇప్పటికే నాగలికి పోయి ఉంటే?

ఎనిమిది ఊళ్లూ మళ్లీ తిరగాల్సిందేనని సావిత్రి అంది. ఎవరిని ఏమని అడిగితే నిజం చెప్తారో తెలియడం లేదంది. సాకేవాళ్లు సిగ్గుపడతారు, లేదా గొప్పలు పోతారు. రైతులు మొహమాటపడతారు.

వజీరాబీ గిన్నెలు కడిగి బోర్లించింది. లోపలికి వెళ్లి బురఖా వేసుకుని వచ్చింది. వాకిట్లో ఉన్న కురుమయ్యకు, సాయంత్రం దాకా ఎవరొచ్చినా ఆవు అరుపు సరిగా విని మాట్లాడమని చెప్పి, జీపు ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. పెళ్లై ఆ ఊరు వచ్చాక, పుట్టింటికీ దవాఖానకూ తప్ప ఆమె ఊరు దాటింది అదే మొదటిసారి.

దారిలో సావిత్రికి ఒకే సంగతి నేర్పింది.

"ఎద్దు ముచ్చటే ఎత్తకు. ఎద్దును సాకేటోని ఇంటికి పోనే పోకు. ఆవులున్నోల్ల ఇండ్లకు పో, ఆడోల్లను పిలువు. మీ దూడలకేం పేర్లు పెట్టిండ్రు అని అడుగు. దూడ లేనోల్లు పేరు జెప్పలేరు. ఉన్నోల్లు జెప్పకుంట ఉండలేరు."

మొదటి ఊళ్లో రెండో గడిలో ఉన్నది ఒక నల్ల ఆబోతు. ఊరి చివర కొట్టం ముందు బిక్షమ్మ అనే ముసలామె పేడకళ్లు ఎత్తుతోంది. వజీరాబీ జీపులో నుంచే ఆమెను పలకరించింది. ఈ కాలం ఎండలు, ఆముదం ధర, కోడలి నడుం నొప్పి, అన్నీ అయ్యాక, దూడల పేర్లు అడిగింది. బిక్షమ్మ పేడ చేతులు ముంతలో కడుక్కుని, కొట్టంలోని నల్ల దూడల వైపు తిరిగి, వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. నాలుగో వేలు మడిచేసరికి సావిత్రి కాగితం మోకాళ్ల మీద పరిచి రాసుకుంటోంది.